పొగబండి కూత: పాఠకుల ఉత్తరాలు, మా జవాబులు

గత సంచికలో ఒక పాఠకుడు, చిన్నప్పుడు విన్న పొగబండి కూత ఇప్పటి రైళ్లకు ఎందుకు లేదని అడిగారు. ఆవిరి ఇంజన్లు పోయి, గాలి ఒత్తిడితో మోగే హారన్లు వచ్చాయని రెండు వాక్యాలలో జవాబు చెప్పి ఊరుకున్నాం. అది చాలలేదని నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల నుంచి వచ్చిన ఉత్తరాలు చెబుతున్నాయి. దాదాపు ప్రతి ఉత్తరంలోనూ ఒక జ్ఞాపకం ఉంది, దాని వెనుకే "నేను నిజంగా అలాగే విన్నానా, లేక ఊహించుకుంటున్నానా?" అనే అనుమానమూ ఉంది. అందుకే ఈ నెల శీర్షిక మొత్తాన్ని ఆ కూతకే కేటాయిస్తున్నాం. ఈ ఉత్తరాలలో వచ్చిన జ్ఞాపకాలలో శాస్త్రానికి పొసగనిది ఒక్కటీ లేదని ముందే చెప్పగలను.

ప్రశ్న: మా తాతగారు బిట్రగుంట లోకో షెడ్డులో ఫిట్టరుగా పనిచేశారు. ఇంట్లో అన్నం తింటూ, బయట కూత వినిపించగానే ఆ ఇంజను నంబరు చెప్పేవారట. ఒకే కర్మాగారంలో, ఒకే నమూనాలో తయారైన ఇంజన్ల కూతలు వేరువేరుగా ఉంటాయా? ఇది మా ఇంట్లో పెంచి చెప్పుకొన్న కథేనా? – ఒక పాఠకురాలు, కావలి

పెంచి చెప్పిన కథ కాదమ్మా. మీ తాతగారికి రోజూ చేతిలో పడే ఇంజన్లు అవి, వాటి గొంతులు ఆయనకు తెలియకపోతేనే ఆశ్చర్యపడాలి.

కూత ఎలా పుడుతుందో చూస్తే ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. విజిల్‌కు కింద ఒక చిన్న గిన్నె, పైన బోర్లించిన గంట ఉంటాయి. గిన్నె అంచు చుట్టూ సన్నని చీలిక ఉంటుంది. డ్రైవరు తాడు లాగగానే బాయిలరులోని ఆవిరి ఆ చీలికలోంచి పలుచని వలయంలా పైకి ఎగజిమ్మి, గంట కింది అంచుకు తగులుతుంది. అక్కడ ఆ ఆవిరి పొర ఒక క్షణం లోపలికి, ఒక క్షణం బయటికి ఊగుతుంది. ఆ ఊపు సెకనుకు కొన్ని వందలసార్లు జరుగుతూ, గంట లోపలి ఆవిరినంతటినీ కంపింపజేస్తుంది. పెన్ను మూతను పెదవికి ఆనించి ఊదితే వచ్చే ఈలకూ దీనికీ సూత్రం ఒక్కటే. రెండింటిలోనూ గొట్టం ఒక వైపు మూసి, ఒక వైపు తెరిచి ఉంటుంది. గంట ఎంత పొడవైతే శ్రుతి అంత తగ్గుతుంది. పొడవు రెట్టింపు చేస్తే శ్రుతి దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుంది.

గంట పొడవు అన్ని ఇంజన్లకూ ఒకటే అనుకున్నా, చీలిక వెడల్పు ఒకటిగా ఉండదు. గంట అంచుకూ చీలికకూ మధ్య ఎడం వెంట్రుకవాసి మారినా గొంతు మారుతుంది. ఆ ఎడం పెరిగితే కూత మెత్తబడుతుంది, తగ్గితే గీరుకున్నట్లు పదునెక్కుతుంది. గంట మధ్యలోని కమ్మీకి బిగించిన మర వదులైతే గంట ఒక పక్కకు ఒరిగి, కూతలో ఒక జీర వస్తుంది. వాల్వు అరిగిపోతే కూత ఆగిన తరువాత కూడా సన్నగా బుసకొడుతుంది. ఇవన్నీ పట్టుకొని విప్పి, రాకి, బిగించేది ఫిట్టరే. మనకు ఎదురింటివారి దగ్గు తెలిసినట్లే ఆయనకు ఆ జీర తెలుసు.

దీనికి తోడు డ్రైవరు చేయి ఒకటుంది. తాడు ఒక్కసారిగా లాగేవాడి కూత ఒక రకం, మెల్లగా తెరిచి, నిండుగా పలికించి, చివర సన్నగా విడిచేవాడి కూత ఇంకో రకం. అమెరికాలో డ్రైవర్లు సొంత విజిల్ చేయించుకొని, ఇంజను మారినప్పుడు దానిని తమతో తీసుకుపోయే అలవాటు కూడా ఒకప్పుడు ఉండేది. 1900 ఏప్రిల్ 30న ప్రమాదంలో చనిపోయిన కేసీ జోన్స్ అనే డ్రైవరు విజిల్‌లో ఆరు గొట్టాలు ఉండేవి. దారి పొడవునా ఊళ్లవారు ఆ కూత విని వచ్చేది ఆయనేనని గుర్తుపట్టేవారు. మన దగ్గర డ్రైవరుకు సొంత విజిల్ లేదు గాని, చేతివాటం మాత్రం ఆయన సొంతమే.

ప్రశ్న: మాది మార్కాపురం. చిన్నప్పుడు గుంటూరు–గుంతకల్లు మీటర్‌గేజి బండి కూత వింటూ పెరిగాను. ఒంగోలులో పెద్ద లైను మీద మెయిలు కూత విన్నప్పుడు, అది మా బండి కూత కంటే చాలా లావుగా అనిపించింది. పట్టాల ఎడం తక్కువైతే కూత సన్నబడుతుందా? – విశ్రాంత ఉపాధ్యాయుడు, మార్కాపురం

పట్టాల ఎడానికీ కూతకూ నేరుగా సంబంధం లేదండీ. చిన్న బండికి బిగించిన విజిల్ చిన్నది కావచ్చు, దాని గంట పొట్టిది కావచ్చు. మీరు విన్న తేడా అక్కడి నుంచి వచ్చినదే. పెద్ద గంట బిగిస్తే దొనకొండ షెడ్డులోని చిన్న ఇంజను కూడా బొంగురుగానే పలికేది.

దేశాన్ని బట్టి కూడా కూతలకు ఒక బాణీ ఉంది. బ్రిటన్‌లో ఎక్కువ రైల్వేలు పొట్టి గంటతో, ఒకే స్వరంతో, చెవిలో గుచ్చుకునే సన్నని కూతను ఇష్టపడ్డాయి. స్టేషన్లు దగ్గరదగ్గరగా, దారికి రెండు వైపులా కంచెలు ఉన్న చిన్న దేశానికి అది సరిపోయింది. అక్కడి గ్రేట్ వెస్టర్న్ రైల్వే ఇంజన్లకు రెండు విజిళ్లు ఉండేవి. ఒకటి దారిన పోయేవారిని హెచ్చరించడానికి, రెండోది తక్కువ శ్రుతిలో, బ్రేకు వేయమని గార్డుకు చెప్పడానికి. అమెరికాలో కంచె లేని దారులు మైళ్లకొద్దీ ఉండేవి, కూత చాలా దూరం పోవాలి. అక్కడ లావుపాటి గంటను లోపల అరలుగా విభజించి, ఒక్కొక్క అరకు ఒక్కొక్క లోతు ఇచ్చారు. ఆవిరి ఒకేసారి మూడు అరలలోనో అయిదు అరలలోనో పలుకుతుంది, అన్ని స్వరాలూ కలిసి వినిపిస్తాయి. మన శ్రుతిపెట్టెలో షడ్జం, పంచమం, పై షడ్జం కలిసి మోగినప్పుడు ఎంత నిండుగా ఉంటుందో తెలిసినవారికి ఈ కూత ఎందుకంత లావుగా అనిపిస్తుందో వేరే చెప్పనక్కరలేదు. బ్రిటన్‌లో కూడా 1938లో గంటకు 203 కిలోమీటర్ల వేగంతో రికార్డు సృష్టించిన మల్లార్డ్ ఇంజనుకు ఇలాంటి అరల విజిలే ఉంది.

నా మట్టుకు నాకు ఒంటి స్వరం కూతే ఇష్టం. అరల కూత వినడానికి ఇంపుగా ఉంటుంది, కాని రాత్రివేళ పొలాల మీదుగా వచ్చే ఒంటి స్వరంలో ఉన్న దిగులు దానిలో నాకు వినిపించలేదు.

ప్రశ్న: పాత సామాను కొట్టులో ఒక ఇత్తడి విజిల్ దొరికింది. అది ఆవిరి ఇంజనుదేనని అమ్మినవాడు చెప్పాడు. పంక్చరు కొట్టులోని కంప్రెసరుకు బిగించి చూశాను. పొగబండి కూత రాలేదు సరికదా, నీరసంగా, బొంగురుగా ఏదో మూలుగు వచ్చింది. నన్ను మోసం చేశారా? – ఒక పాఠకుడు, గూడూరు

మోసం జరిగిందని తొందరపడి అనుకోకండి. మీ విజిల్ అసలుదే కావచ్చు. దానికి అందవలసింది ఆవిరి, మీరు ఇచ్చింది గాలి.

ధ్వని గాలిలో, మన నెల్లూరు ఎండలలో, సెకనుకు సుమారు 350 మీటర్లు పోతుంది. నూరు డిగ్రీల ఆవిరిలో అది సుమారు 470 మీటర్లు. గంట లోపల ధ్వని ఎంత త్వరగా పైకీ కిందికీ తిరిగితే శ్రుతి అంత హెచ్చుతుంది కనుక, అదే గంట ఆవిరితో పలికినప్పుడు గాలితో పలికినదానికంటే మూడోవంతుకు పైగా హెచ్చు శ్రుతిలో పలుకుతుంది. సంగీతం తెలిసినవారి మాటలో చెప్పాలంటే, గాలితో షడ్జం పలికిన గంట ఆవిరితో దాదాపు శుద్ధ మధ్యమం పలుకుతుంది. మీరు విన్న బొంగురుదనానికి మొదటి కారణం ఇది.

రెండో కారణం, కంప్రెసరు గొట్టం సన్నది. విజిల్‌కు ఒత్తిడి ఒక్కటే చాలదు, ధారాళంగా ప్రవాహం కావాలి. పెద్ద లైను మీద మన డబ్ల్యుపి తరగతి ఇంజన్ల బాయిలరులో ఒత్తిడి చదరపు అంగుళానికి 210 పౌన్లు. దాని వెనుక ఒక గదంత ఆవిరి నిల్వ ఉండేది. పంక్చరు కొట్టు డబ్బాలోని గాలి రెండు మూడు సెకన్లలోనే నీరసించిపోతుంది.

ఆవిరి కూతకు గాలితో ఎన్నటికీ రాని లక్షణం ఇంకొకటి ఉంది. అది నేను దగ్గరగా చూసినది. చిన్నతనంలో సెలవులకు బిట్రగుంటలో మా మేనమామ ఉండే రైల్వే క్వార్టరుకు వెళ్లేవాళ్లం. ఒక తెల్లవారుజామున నీళ్లు పట్టుకోవడానికి ఆగిన ఇంజను పక్కన, ఆయన చేయి పట్టుకొని నిలబడ్డాను. తాడు లాగగానే ముందు కూత రాలేదు. విజిల్ లోపల చల్లారి నీరైన ఆవిరి గరగరమంటూ తుంపరలుగా ఎగిరి, బాయిలరు వీపు మీద పడి చుర్రుమంది. ఆ వెనుక ఒక తెల్లని ఆవిరి ఈక లేచింది. అప్పుడు కూత కింది శ్రుతిలో మొదలై, జారుతున్నట్లు పైకి ఎక్కి, ఒకచోట నిలబడింది. నా గుండెల మీద ఎవరో అరచేయి ఆనించినట్లయింది. ఆ జారుడు ఎందుకో చాలా ఏళ్ల తరువాత గాని నాకు తెలియలేదు. తాడు లాగేటప్పటికి గంట నిండా చల్లని గాలి ఉంటుంది, మొదటి క్షణంలో కూత ఆ గాలి శ్రుతిలో పుడుతుంది. ఆవిరి వచ్చి గాలిని తోసేసి గంటను వేడిచేసే కొద్దీ శ్రుతి పైకి పాకుతుంది. పొగబండి కూతను నోటితో అనుకరించే పిల్లలందరూ "కూ" అని ఒక్కసారిగా అనకుండా కింది నుంచి పైకి లాగుతూ అంటారు, గమనించండి. వారికి ఎవరూ నేర్పలేదు, విన్నదానినే పలికారు.

ఇక మీ విజిల్ సంగతి. పైనున్న నట్టు విప్పి, గంట తీసి, చీలికలో రంగు గాని మట్టి గాని పేరుకుందేమో చూడండి. పలుచని చెక్క పుల్లతో తీయండి, ఇనుప మేకు పెట్టకండి. తిరిగి బిగించేటప్పుడు గంట అంచు చీలికకు నేరుగా పైన ఉండాలి, ఎటూ ఒరగకూడదు. గంటను మర మీద కొంచెం కొంచెంగా ఎత్తుతూ దించుతూ ఊది చూస్తే, ఒకచోట స్వరం ఒక్కసారిగా తేటపడుతుంది. అంచును మాత్రం ఎమరీ కాగితంతో రుద్దవద్దు, ఆ పదును పోతే గొంతు పోయినట్లే. అన్నిటికంటే ముఖ్యంగా, ఆవిరి కావాలి కదా అని కుక్కరుకో, ఇంట్లో చేసిన డబ్బాకో దానిని బిగించే ప్రయత్నం చేయకండి. ఒత్తిడిలో ఉన్న ఆవిరి గొట్టం ఊడితే మనిషి ప్రాణం దక్కదు.

ప్రశ్న: మాది అల్లూరు దగ్గర పల్లె, రైలు దారికి తూర్పున కొన్ని కిలోమీటర్ల దూరం. పగలంతా ఏమీ వినిపించదు. రాత్రి మూడోజాములో, అందులోనూ సంక్రాంతి రోజుల్లో, కూత మా చేలగట్టు మీదనే వేసినట్లు వినిపించేది. రాత్రి నిశ్శబ్దమే దీనికి కారణమా? – ఒక రైతు, అల్లూరు మండలం

నిశ్శబ్దం ఒక కారణమే గాని, పెద్ద కారణం అది కాదండీ. మీరు సంక్రాంతి రోజులని రాయడంతో దారి సగం దొరికింది.

ధ్వని వేడిగాలిలో త్వరగా, చల్లగాలిలో నెమ్మదిగా పోతుంది. తేడా డిగ్రీకి సెకనుకు 60 సెంటీమీటర్ల చొప్పున చిన్నదే, అయినా కిలోమీటర్ల దూరంలో అది కూత దారినే మార్చేస్తుంది. పగలు ఎండకు నేల కాలి, నేలనంటిన గాలి పైగాలికంటే వేడిగా ఉంటుంది. కింద త్వరగా, పైన నెమ్మదిగా పోయే ధ్వని తరంగం ఆకాశం వైపు వంగిపోతుంది. దూరాన నేల మీద నిలబడినవారి నెత్తిమీదుగా కూత వెళ్లిపోతుంది. వారు ధ్వని నీడలో ఉన్నట్లు లెక్క. చలికాలపు రాత్రి మబ్బు లేకపోతే ఇది తలకిందులవుతుంది. నేల తన వేడిని ఆకాశానికి వదిలి చల్లబడుతుంది, దానిని అంటిన గాలి చల్లబడుతుంది, పైగాలి మాత్రం ఇంకా వెచ్చగానే ఉంటుంది. ఇప్పుడు తరంగం కిందికి వంగుతుంది. పైకి పోవలసిన కూత కూడా వంగి, చెట్లనూ ఇళ్లనూ దాటి మీ గట్టు దగ్గర దిగుతుంది. తెల్లవారుజామున మంచు పొరలా పరచుకొని, వంటింటి పొగ పైకి లేవకుండా ఇంటి కప్పుల మీదనే అడ్డంగా సాగుతున్న రోజున కూత బాగా వినిపిస్తుంది. పొగను కింద పట్టి ఉంచే ఆ గాలి పొరే కూతను కూడా కింద పట్టి ఉంచుతుంది.

మన తీరానికి ప్రత్యేకమైన సంగతి ఇంకొకటి ఉంది. మధ్యాహ్నం దాటాక సముద్రం మీది నుంచి పైరగాలి పడమటికి వీస్తుంది. గాలి నేల దగ్గర నెమ్మదిగా, పైన వేగంగా ఉంటుంది కనుక గాలివాలున పోయే ధ్వని కిందికి వంగుతుంది, గాలికి ఎదురు పోయేది పైకి వంగుతుంది. మీరు దారికి తూర్పున ఉన్నారు, పగటి పైరగాలి మీ వైపు నుంచి బండి వైపు వీస్తోంది. అంటే కూత మీ దగ్గరకు ఎదురుగాలిలో రావాలి. రాత్రి నేల మీది గాలి సముద్రం వైపు తిరుగుతుంది, అప్పుడు కూతకు గాలివాలు దొరుకుతుంది. దారికి పడమట ఉన్న పల్లెలవారిని అడిగి చూడండి, సాయంత్రం కూత బాగా వినిపించేదని చెప్పేవారు దొరుకుతారు.

మీ పొలాలు కూడా సాయం చేశాయి. దున్నిన పొడినేల ధ్వనిని మింగేస్తుంది. నీరు నిలిచిన వరిమడి అద్దంలా దానిని తిప్పికొడుతుంది. సంక్రాంతి నాటికి మీ మడులలో నీరు ఉంటుంది కదా.

ఒక మాట అదనంగా చెప్పాలని ఉంది. పగటిపూట దూరాన బండి కనిపించే చోట పనిచేసినవారు, ముందు తెల్లని ఆవిరి ఈకను చూసి, ఆ తరువాత కూత విని ఉంటారు. ఆ రెండింటి నడుమ మూడు సెకన్లు లెక్కపెడితే బండి దాదాపు కిలోమీటరు దూరంలో ఉన్నట్లు, ఆరు లెక్కపెడితే రెండు కిలోమీటర్లు. నేటి రైలు హారన్‌కు ఆ ఈక లేదు, కనుక ఈ లెక్క కూడా లేకుండా పోయింది.

ప్రశ్న: బండి దగ్గరకు వచ్చేటప్పుడు కూత హెచ్చుతూ వచ్చి, దాటిపోగానే తగ్గుతుందని మా పాఠ్యపుస్తకంలో ఉంది. మా నాన్నగారు మాత్రం, దాటేటప్పుడు తగ్గడమే విన్నాను, హెచ్చడం ఎప్పుడూ వినలేదు అంటున్నారు. ఎవరిది నిజం? – ఇంటర్ విద్యార్థిని, ఒంగోలు

మీ నాన్నగారిదే నిజం. డాప్లర్ అనే శాస్త్రవేత్త 1842లో చెప్పిన సూత్రాన్ని సరిగా చదివినా అదే తేలుతుంది. బండి ఒకే వేగంతో వస్తున్నంతసేపూ శ్రుతి అసలు స్వరంకంటే హెచ్చుగానే ఉంటుంది, కాని ఇంకా ఇంకా హెచ్చదు. పెరిగేది బిగ్గరతనం, శ్రుతి కాదు. బిగ్గరతనం పెరగడాన్ని శ్రుతి పెరగడంగా పొరబడటం వల్లనే అలాంటి వాక్యాలు పుస్తకాలలోకి వస్తాయి. పట్టాల పక్కనే నిలబడితే దాటే క్షణాన శ్రుతి ఠక్కున పడిపోతుంది, దూరంగా నిలబడితే మెల్లగా జారుతుంది.

ఎంత పడిపోతుందో చూద్దాం. గంటకు 74 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు సుమారు 20.6 మీటర్లు. ధ్వని వేగం 350 మీటర్లు అనుకుంటే, వచ్చేటప్పటి శ్రుతికీ పోయేటప్పటి శ్రుతికీ నిష్పత్తి, ఆ రెండు వేగాలనూ కూడితే వచ్చే 370.6కూ, తీసివేస్తే వచ్చే 329.4కూ ఉన్న నిష్పత్తే, అంటే సరిగ్గా తొమ్మిదికి ఎనిమిది. మన సంగీతంలో చతుశ్రుతి రిషభానికీ షడ్జానికీ ఉన్న నిష్పత్తి అదే. మెయిలు రిషభం పలుకుతూ వచ్చి షడ్జం పలుకుతూ వెళ్లిందన్నమాట. అందులో సగం వేగంతో పోయే గూడ్సు దాదాపు శుద్ధ రిషభం నుంచి షడ్జానికి దిగుతుంది. చెవి ఉన్నవారు కళ్లు మూసుకొని బండి వేగం చెప్పవచ్చు. డ్రైవరుకు మాత్రం ఈ మార్పు ఏదీ వినిపించదు, ఆయన కూతతో పాటే ప్రయాణిస్తున్నాడు కదా.

ఈ సూత్రాన్ని మొదట పరీక్షించింది కూడా రైలు మీదనే. 1845లో హాలెండులో బైస్ బాలట్ అనే శాస్త్రవేత్త బండి మీద బాకా వాద్యగాళ్లను ఎక్కించి ఒకే స్వరం ఊదించి, దారి పక్కన శ్రుతిజ్ఞానం ఉన్నవారిని నిలబెట్టి, వారు విన్న స్వరాన్ని రాయించాడు. పరికరాలు లేని రోజులలో చెవినే పరికరంగా నమ్మిన ఆ ప్రయోగం నాకు ఎంతో ఇష్టం.

ప్రశ్న: ఒక బండి గుడ్ల బండిని గుద్దడం వల్ల విజిల్ కనిపెట్టారని విన్నాను. నిజమేనా? – ఒక పాఠకుడు, కందుకూరు

1833లో ఇంగ్లండులో లెస్టర్ దగ్గర థార్న్‌టన్ గేటులో శాంసన్ అనే ఇంజను, సంతకు వెన్న, గుడ్లు తీసుకుపోతున్న బండిని గుద్దిందని, అప్పటిదాకా డ్రైవర్లు నోటితో ఊదే కొమ్ము చాలదని ఆవిరి బాకా చేయించారని చెబుతారు. తరువాతి కాలంలో ప్రచారంలోకి వచ్చిన ఆ కథను కథగానే తీసుకోవడం మంచిది. ఆ రోజులలోనే వేల్స్‌లోని డౌలైస్ ఇనుప కర్మాగారంలో ఏడ్రియన్ స్టీఫెన్స్ అనే ఆయన బాయిలరుకు ఆవిరి విజిల్ అమర్చాడు. బాయిలరులో నీరు తగ్గితే పనివాళ్లను హెచ్చరించడం దాని పని. పట్టాల మీదికి ఎక్కకముందు విజిల్ బాయిలరుకు కాపలాదారు.

ప్రశ్న: మా నాన్న సింగరాయకొండ దగ్గర గేట్‌మన్‌గా చేశారు. మామూలు కూతకు నిద్ర లేచేవారు కాదు, మూడు పొట్టి కూతలు వినిపిస్తే మాత్రం ఉలిక్కిపడి లేచేవారు. ఎందుకు? – ఒక పాఠకురాలు, టంగుటూరు

రైల్వే నియమాలలో కూత ఒక భాష. గేటు దగ్గర పడుతున్నప్పుడు పొడుగు కూత. బ్రేకు విడవమని గార్డుకు చెప్పడానికి ఒక పొడుగు, ఒక పొట్టి. బండి ముందుకు కదలలేని స్థితిలో ఉంటే నాలుగు పొట్టి కూతలు. మూడు పొట్టి కూతలంటే వెంటనే బ్రేకు వేయమని గార్డును పిలవడం, బండి డ్రైవరు అదుపు తప్పినప్పుడు కూడా వేసే కూత అదే. అలాంటి బండి తన గేటు వైపు వస్తోందంటే మీ నాన్నగారికి నిద్ర ఎలా పడుతుంది? డ్యూటీ లేని రాత్రి కూడా ఆయన చెవి డ్యూటీలోనే ఉంది.

ప్రశ్న: మా నాన్నగారికి ఎనభై దాటాయి. నెల్లూరులో చదువుకొనే రోజుల్లో విన్న ఆవిరి బండి కూత మళ్లీ ఒక్కసారి వినాలని అడుగుతున్నారు. ఎక్కడికి తీసుకువెళ్లాలి? – ఒక పాఠకుడు, వెంకటగిరి

మన విజయవాడ–చెన్నై దారి 1980 ప్రాంతంలోనే విద్యుత్ లైనుగా మారింది. దేశంలో పెద్ద లైను మీద మామూలు ఆవిరి బండి 1995 డిసెంబరు 6న జలంధర్, ఫిరోజ్‌పూర్‌ల మధ్య చివరిసారి నడిచింది. చెన్నైలోని రైలు మ్యూజియంలో ఆవిరి ఇంజన్లను చూపించవచ్చు, కాని అవి పలకవు. ఇంటర్నెట్‌లో దొరికే రికార్డులు వినిపిస్తే సగం తృప్తి కలుగుతుంది. చిన్న ఫోను స్పీకరులో ఆ కింది స్వరాలు రావు కనుక మంచి హెడ్‌ఫోను పెట్టండి.

నిజంగా వినిపించాలంటే నీలగిరి కొండల బండికి తీసుకువెళ్లండి. యునెస్కో 2005లో ప్రపంచ వారసత్వంగా గుర్తించిన ఆ దారిలో మేట్టుపాళయం నుంచి కూనూరు దాకా ఇప్పటికీ ఆవిరి ఇంజనే నడుస్తుంది. చెన్నై నుంచి రాత్రి నీలగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఉదయానికి మేట్టుపాళయంలో దిగి ఆ బండి అందుకోవచ్చు. టికెట్లు చాలా ముందుగా తీసుకోవాలి. పైకి ఎక్కేటప్పుడు ఇంజను బండిని వెనుక నుంచి తోస్తుంది, కాబట్టి నాన్నగారిని ముందు పెట్టెలో కాకుండా చివరి పెట్టెలో కూర్చోబెట్టండి. కిటికీ తెరిచి ఉంచండి. కొండ మలుపులో కూత వేసినప్పుడు, మొదటి క్షణంలో కింది నుంచి పైకి జారే ఆ స్వరం ఆయనకు వినిపిస్తుంది. ఆ వెంటనే ఎదుటి కొండ నుంచి అదే కూత మరొకసారి తిరిగి వస్తుంది.